జెప్పెకి పెట్టకూడనివి

నవంబరు 28

ఉదయం ఏడు: ఎనిమిది యూనిట్లు. చక్కెర పద్నాలుగు. సాయంత్రం ఏడు: ఎనిమిది యూనిట్లు. చక్కెర పన్నెండు. జెప్పె గిన్నె నాకి ఖాళీ చేశాడు.

ఈ పుస్తకం డాక్టరమ్మ రాయమన్నది. పండగ నెలలోనే చక్కెర జబ్బు కుక్కలు ఎక్కువగా తన దగ్గరికి వస్తాయట, జనవరి దాకా రోజూ రాయమంది. ఆమె అడిగింది అంకెలే, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, రక్తంలో చక్కెర ఎంత అని; చక్కెర పది దగ్గర ఉంటే మంచిదట. అంకెల పక్కన బోలెడు చోటు మిగిలిపోతోంది, ఊరికే పోనివ్వడం ఎందుకని ఇవి కూడా రాస్తున్నాను. ఎవరూ చదవరు. ఇంట్లో ఉన్న ఇంకొక్క ప్రాణికి కళ్ళు కనబడవు.

నవంబరు 30, ఆదివారం

పండగ నెల మొదటి కొవ్వొత్తి వెలిగించే రోజు. సిల్వి వదిన కాఫీకి పిలిచింది. ఆమెది కింది వాటా, నాది పై వాటా, మధ్యలో తొమ్మిది మెట్లు. కళ్ళు తెల్లబడ్డప్పటి నుంచి జెప్పె ఆ మెట్లు ముక్కుతో తడుముకుంటూ దిగుతున్నాడు. వాడు మా ఆయన తెచ్చుకున్న కుక్క. ఐమొ పోయి రెండేళ్ళయింది. సిల్వి వదిన లెక్కలో జెప్పె నా కుక్క కాదు, ఆమె తమ్ముడి కుక్క. నేను సూదులు పొడిచే మనిషిని, అంతే.

నేను వంటింట్లోంచి పాలు తెచ్చేలోగా వాడి మీసాలకి ప్లమ్ జామ్ అంటుకుని ఉంది.

"ఏం పెట్టారు?"

"నక్షత్రం రొట్టె కొస. చిటికెడు."

"వాడికి చక్కెర జబ్బు వదినా."

"నాకూ చక్కెర జబ్బే. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చాయి, నేను బతకట్లేదూ?"

"మీరు కుక్క కాదుగా."

"మా ఐమొ ఉంటే వాడి నోరు ఇట్లా కట్టేసేవాడు కాదు."

"ఐమొ బల్ల కింద పెట్టిన తిళ్ళకే వాడికి ఈ రోగం వచ్చింది."

అది నిజం కాదు. ఈ జబ్బు తిండి వల్ల వచ్చింది కాదని డాక్టరమ్మ నాకు రెండుసార్లు చెప్పింది. అయినా అనేశాను. వదిన మొహం మాడిపోయింది. నాకు కడుపు చల్లబడింది. రాయకూడదు గానీ చల్లబడింది.

సాయంత్రం చక్కెర ఇరవై రెండు.

డిసెంబరు 1

పొద్దున్నే కూర్చుని జాబితా తయారు చేశాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి వంటింట్లో పని చేశాను, అందులో పందొమ్మిదేళ్ళు పెద్ద వంటమనిషిని. పాలు పడనివాళ్ళు, గోధుమ పడనివాళ్ళు, గింజ తగిలితే గొంతు వాచేవాళ్ళు, అందరి పేర్లూ నా గోడ మీద ఉండేవి. ఒక్క రోజు, ఒక్క పిల్లాడికి తప్పు పళ్ళెం వెళ్ళలేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. జ్ఞాపకాన్ని నమ్మకండి, కాగితాన్ని నమ్మండి.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం చూసి పెద్ద అక్షరాలతో రాశాను. పైన "జెప్పెకి పెట్టకూడనివి" అని. చాక్లెట్టు, ఎండుద్రాక్ష, ఉల్లి వెల్లుల్లి, పంది తొడ కొవ్వు, ఉడికిన ఎముక, అల్లం బిస్కెట్టు, నక్షత్రం రొట్టె, పచ్చి పిండి, జున్ను, వేడి ద్రాక్షసారా. పది. ఆమె కాగితంలో చివర ఇంకోటి ఉంది, బిర్చి చక్కెర, అంటే జైలిటాల్, ఉన్న బిళ్ళలూ, గమ్ములూ అని. పళ్ళు పుచ్చకుండా నమిలే బిళ్ళ కుక్కకి ఎవరు పెడతారు? గమ్ము పేగుల్లో అతుక్కుంటుందని రాసి ఉంటుంది. భోజనం కాగానే తలా ఒక బిళ్ళ, పళ్ళకి మంచిదని, ముప్ఫై ఒక్క ఏళ్ళు నా చేత్తో పిల్లలకి పంచినదాన్ని. దాన్ని చాక్లెట్టు పక్కన, సారా పక్కన రాయబుద్ధి కాలేదు. పది చాలు, గుర్తుంటుంది.

ఒకటి నా తలుపుకి అంటించాను. ఒకటి కిందికి తీసుకెళ్ళి సిల్వి వదిన ఫ్రిజ్ మీద నేనే అంటించాను.

"నా ఇంట్లోనా?" అంది.

"వాడు మీ ఇంటికేగా దిగేది."

ఉదయం పదహారు. సాయంత్రం పదమూడు.

డిసెంబరు 6

కిటికీలో రెండు కొవ్వొత్తులు పెట్టాను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు, వదినకీ నాకూ మాటల్లేని అయిదో రోజు. పదకొండు. పది.

డిసెంబరు 10

మా అమ్మాయి సైలా ఫోను చేసింది. పండక్కి పిల్లల్ని తీసుకుని వస్తానంది. పోయినేడు పిల్లలు బల్ల కింద వదిలేసిన చాక్లెట్టు కాగితాలు జెప్పె నోట్లోంచి నేను వేలు పెట్టి తీశాను. ఆ సంగతి గుర్తు చేశాను.

"అయితే ఏమంటావమ్మా?"

"ఈసారికి మీరు అక్కడే చేసుకోండి. జనవరిలో రండి."

"కుక్క కోసం మనవల్ని రావద్దంటున్నావు."

"వాడు పండగ దాటాలి సైలా. నాకు ఇప్పుడు అదొక్కటే పని."

"నాన్నకి మందుల పెట్టె సర్దినప్పుడు కూడా ఇట్లాగే అన్నావు."

ఫోను పెట్టేసింది. ఇందులో ఐమొ ప్రస్తావన ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆయన గుండె ఆగి పోయాడు, నా సర్దుడు వల్ల కాదు.

డిసెంబరు 13

పది. పది. బంగారుకొండ.

డిసెంబరు 17

సిల్వి వదిన పైకి వచ్చింది. తొమ్మిది మెట్లకి నాలుగుసార్లు ఆగింది, ఆ ఆయాసం నాకు వినబడుతూనే ఉంది. నేను తలుపు తీసి ఎదురెళ్ళలేదు. కూర్చోగానే జెప్పె వెళ్ళి ఆమె పాదాల మీద పడుకున్నాడు.

"నీ కాగితం రోజూ చదువుతున్నా. ఆరోది అల్లం బిస్కెట్టు. అది చక్కెర వల్లేనా?"

"చక్కెర వల్లే."

"మరి చక్కెర లేకుండా చేస్తే?"

"చక్కెర లేకపోతే ఇంకేముంది, ఉత్త పిండేగా. ఒకటీ అరా పర్లేదు."

"సరే," అని వాడి చెవులు నిమిరి వెళ్ళిపోయింది. క్షమాపణ చెప్పడానికి వచ్చిందనుకున్నాను. చెప్పలేదు.

పదకొండు. తొమ్మిది.

డిసెంబరు 21

చెత్తబుట్టకి తాళం కొన్నాను. కొట్టువాడు నవ్వాడు. నవ్వనీ.

డిసెంబరు 23

తొమ్మిది. తొమ్మిది. డాక్టరమ్మకి ఫోనులో చదివి వినిపించాను. "ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు నాకు పదిమంది ఉంటే చాలు," అంది. ఈ మాట ఆమె సిల్వి వదిన ముందు అనాల్సింది.

డిసెంబరు 24

ఉదయం ఏడు: ఎనిమిది యూనిట్లు. చక్కెర తొమ్మిది.

మధ్యాహ్నం పన్నెండింటికి అందరిలాగే నేనూ టీవీ పెట్టాను. ఏటా లాగే తుర్కు ఊళ్ళో మేడ వరండా మీదికి ఊరి అధికారి వచ్చి పండగ శాంతి ప్రకటన చదివాడు. ఈ పూట నుంచి ఎవరూ ఎవరి శాంతినీ చెడగొట్టరాదని. కింద సిల్వి వదిన టీవీలో అదే గొంతు క్షణం ఆలస్యంగా వినబడింది. ఇద్దరం చెరో గదిలో నిలబడి విన్నాం. తర్వాత నేనే గిన్నె తీసుకుని కిందికి దిగి పాయసం వడ్డించమన్నాను. వడ్డించింది. అందులో దాచిన ఒక్క బాదంపప్పూ నాకే వచ్చింది. "ఏడాదంతా నీదే అదృష్టం," అంది వదిన. నవ్వాం. నిజంగానే నవ్వాం.

మూడింటికే చీకటి పడింది. శ్మశానానికి వెళ్ళి ఐమొ రాయి మీద మంచు తుడిచి కొవ్వొత్తి పెట్టాను. చుట్టూ వందల కొవ్వొత్తులు, ఊరంతా అక్కడే. వదిన మోకాళ్ళు రానివ్వలేదు. ఆమె పేరు మీద కూడా ఒకటి వెలిగించాను.

తిరిగొచ్చేసరికి నా తలుపు పిడికి ఎర్ర రిబ్బను కట్టిన గుడ్డసంచి వేలాడుతోంది. లోపల ఎముకల ఆకారంలో కోసిన అల్లం బిస్కెట్లు, ఒక్కోటీ చూపుడువేలంత. వణికే చేత్తో ఇన్ని ఎముకలు ఎట్లా కోసిందో. కాగితం మీద "జెప్పెకి. చక్కెర వెయ్యలేదు. సిల్వి" అని ఉంది.

మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళకి ఒక మనిషి నా మాట విన్నది. ఒకటి కొరికి చూశాను. తియ్యగానే ఉంది, నాలుక మీద చల్లగా తగిలింది, మన బడి బిళ్ళలాగా. ఓహో, తన కోసం వాడే బిర్చి చక్కెర వేసిందన్నమాట అనుకున్నాను. పర్లేదు, అది పళ్ళకి కూడా మంచిది.

జెప్పెకి ఒకటి పెట్టాను. వాసన చూసి, నా వేళ్ళకి పళ్ళు తగలకుండా తీసుకున్నాడు. అంత తృప్తిగా నమలడం నేను ఏడాదిగా చూడలేదు. ఇంకోటి పెట్టాను. పండగ వాడికీ పండగే. మొత్తం అయిదు.

సాయంత్రం ఏడు: ఎనిమిది యూనిట్లు. చక్కెర పది. చూశావా, ఏమీ పెరగలేదు.

డిసెంబరు 25

తెల్లారేసరికి రెండు చోట్ల కక్కి ఉంది. గిన్నె ముట్టలేదు. చక్కెర ఆరు.

ఫోను చేశాను. మా డాక్టరమ్మ సెలవు, డెబ్భై కిలోమీటర్ల అవతల పండగ పూట చూసే డాక్టరు దొరికింది. చిన్నపిల్ల గొంతు.

"కొత్తగా ఏమన్నా తిన్నాడా అండీ?"

"లేదు."

"పండగ కదా, ఎవరైనా బల్ల మీంచి..."

"నా ఇంట్లో చెత్తబుట్టకి కూడా తాళం ఉందమ్మాయ్. నేను పెట్టకుండా వాడి నోట్లోకి ఏమీ వెళ్ళదు."

సూది ఆపమంది. చిగుళ్ళకి తేనె రాయమంది, రేపటికి తేరుకోకపోతే తీసుకురమ్మంది. బిస్కెట్ల సంగతి చెప్పలేదు. చక్కెర లేని వాటి గురించి చెప్పి పండగ పూట ఆ పిల్ల సమయం తినడం దేనికి? పైగా అయిదు పెట్టానంటే నా గురించి ఏమనుకుంటుంది?

పంది తొడ వాసనకి వికారం పుట్టి ఉంటుంది. కింద నుంచి అదే వాసన వస్తోంది. వదిన కొంచెం కిటికీ తెరుచుకోవచ్చు కదా.

సాయంత్రం: నీళ్ళు తాగాడు, కక్కాడు.

డిసెంబరు 26

వాడి చెవుల లోపల పసుపు. చిగుళ్ళు పసుపు. తెల్లబడ్డ కళ్ళ చుట్టూ కూడా పసుపు.

కారు తీశాను. సిల్వి వదిన కోటు ఇంట్లో బట్టల మీదే వేసుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుంది. డెబ్భై కిలోమీటర్లూ మంచు. దారంతా వాడితో ఐమొ చిన్నప్పటి కబుర్లు చెబుతూనే ఉంది. నాకు అవి ఏవీ తెలియవు.

ఆ పిల్ల డాక్టరు రక్తం తీసింది, లోపలికి వెళ్ళి వచ్చింది.

"కాలేయం పోతోందండీ. ఏదో విషం. బాగా ఆలోచించుకుని చెప్పండి, పండగ రోజు ఏం తిన్నాడు?"

"అల్లం బిస్కెట్లు," అన్నాను. "చక్కెర లేనివి."

"చక్కెరకి బదులు ఏం వేశారు?"

వదిన చెప్పింది. బిర్చి చక్కెర, తనకి కొనుక్కునే పొట్లంలోంచే, చారెడు.

ఆ పిల్ల కలం కింద పెట్టేసింది. మనుషులకి ఏమీ కాదు, కుక్కలకి అది విషం అంది. నిన్న పొద్దున చెప్పి ఉంటే ఏమన్నా చేసి ఉండేదాన్ని అంది. ఆ తర్వాత ఇద్దరి మొహాలూ చూసింది.

నేను సిల్వి వదిన వైపు వేలు చూపించాను. "ఈమె పెట్టింది," అన్నాను.

వదిన నా వైపు చూసింది. "నేనే చేశాను," అంది. 

డిసెంబరు 27

ఉదయం ఏడు: సూది లేదు.

పదకొండు గంటలకి పోయాడు. వదిన వాడి తల పట్టుకుంది, నేను కాళ్ళు పట్టుకున్నాను.

డిసెంబరు 28

సిల్వి వదిన చంపేసింది. ఎన్నిసార్లు చెప్పాను. కాగితం రాసిచ్చాను. ఆరోది అల్లం బిస్కెట్టు అని పెద్ద అక్షరాలతో ఉంది. చక్కెర లేదంటే అల్లం బిస్కెట్టు అల్లం బిస్కెట్టు కాకుండా పోతుందా? తమ్ముడి కుక్క అన్న అధికారం. ఎప్పుడూ అదే.

ఉదయం ఏడింటికి గడియారం మోగింది.

డిసెంబరు 29

సైలా ఫోను.

"అమ్మా, పాపం అత్తకి ఏం తెలుసు? తను తినేదే కదా వేసింది."

"తెలియకపోవడానికేం? జాబితా ఇచ్చాను."

"జాబితాలో అది ఉందా?"

పొయ్యి మీద ఏదో ఉందని ఫోను పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

డిసెంబరు 31

సిల్వి వదిన వచ్చింది. ఈసారి ఆరుసార్లు ఆగింది. గుమ్మంలోనే నిలబడి, "హిల్కా, నన్ను క్షమించు. నేను బతికుండగా ఇంక ఏ ప్రాణికీ ఏమీ వండను," అంది.

"జరిగిందేదో జరిగింది వదినా. మీరు కావాలని చేశారా?" అన్నాను.

నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను. పెద్ద మనసుతో నిమిరాను. వీధిలో ఎవరో టపాకాయలు కాలుస్తున్నారు. పోయినేడు ఈ చప్పుళ్ళకి జెప్పె స్నానాలగదిలో దూరి బయటికి రాలేదు.

జనవరి 2

డాక్టరమ్మ పుస్తకం తెచ్చి చూపించమంది, తేదీలు రాసుకోవాలట. అంకెలున్న పేజీలు చూసుకుందామని వెనక్కి తిప్పాను.

డిసెంబరు ఒకటి. చదివాను. డిసెంబరు పదిహేడు. చదివాను. ఒకటీ అరా పర్లేదు. నా అక్షరాలే. అంత గుండ్రటి అక్షరాలు ఇంకెవరివీ కావు.

ఆ రెండు పేజీలూ చింపడానికి పట్టుకున్నాను కూడా. చింపితే మిగతా అంకెలన్నీ ఉంటాయి, పది పది, తొమ్మిది తొమ్మిది, ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు పదిమంది ఉంటే చాలు.

నా ఫ్రిజ్ మీద డాక్టరమ్మ ఇచ్చిన అసలు కాగితం ఇంకా ఉంది. పదకొండోది అట్టడుగున, అయస్కాంతం కింద. పక్కన ఎర్ర గీత కూడా ఉంది. నాకు తెలియదని కాదు. చదివాను. చదివి వదిలేశాను. నాలుక మీద చల్లగా తగిలినప్పుడు కూడా అదేమిటో తెలుసు. అయిదూ నా చేత్తోనే పెట్టాను. డాక్టరు అడిగితే లేదన్నాను. వదిన చేసిందల్లా నేను రాసిచ్చింది రోజూ చదవడం, అనుమానం వచ్చి పైకెక్కి నన్ను అడగడం, నేను సరేనన్నది చెయ్యడం.

ముప్ఫై ఒక్క ఏళ్ళు అన్నాను. ఒక్క పిల్లాడికి తప్పు పళ్ళెం వెళ్ళలేదన్నాను. వెళ్ళి ఉంటే నాకు ఎవరు చెప్పి ఉంటారు?

జనవరి 4

కిందికి వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పి. నా మోకాళ్ళు ఎప్పుడూ నొప్పెట్టలేదు.

జనవరి 6

పండగ చెట్టు బయట పారేసే రోజు. వదిన చెట్టు నేనే మోసుకెళ్ళి మంచులో పడేసి వచ్చాను. ఊడ్చాను. కాఫీ పోసింది. బల్ల కింద ఇద్దరం కాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాం, అక్కడ వాడు ఉన్నట్టే.

ఆమె ఫ్రిజ్ మీద నా కాగితం అట్లాగే ఉంది. అంచులు నలిగి ఉన్నాయి.

"తీసెయ్యండి వదినా."

"ఎందుకు తీస్తాను? రోజూ చదువుతున్నా. ఎక్కడ తప్పానో చూస్తున్నా. పది సార్లు, ఇరవై సార్లు చదివా హిల్కా, నాకు కనబడటం లేదు. కళ్ళు పోయినట్టున్నాయి."

వదిలెయ్యొచ్చు. ఆమె డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, నన్ను క్షమించమని అడిగేసింది, నేను క్షమించేశాను, ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు. కాఫీ తాగి పైకి వచ్చేస్తే అయిపోయేది.

కిరాణా చీటీ రాసుకునే పెన్సిలు తీసుకున్నాను. నిలబడి, పదో దాని కింద పదకొండు అని అంకె వేసి, "బిర్చి చక్కెర" అని రాశాను.

వదిన కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి చదివింది. చాలాసేపు చదివింది, ఉన్నవి రెండు మాటలు.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"డిసెంబరు ఒకటిన. కాగితం రాసేటప్పుడు."

"నేను అడగడానికి వచ్చినప్పుడు?"

"అప్పటికే తెలుసు. గుర్తులేదు. తెలుసు."

"ఆ డాక్టరు పిల్ల ముందు నన్ను వేలు పెట్టి చూపించినప్పుడు?"

పెన్సిలు బల్ల మీద పెట్టాను. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. నా కప్పులో సగం కాఫీ ఉండగానే తీసుకుపోయి తొట్టిలో పారబోసి, కడిగి, తుడిచి, అలమరలో పెట్టేసింది.

"ఆ కాగితం ఇవ్వండి వదినా, చింపేస్తాను," అన్నాను.

"అది నా ఇంట్లో కాగితం," అంది. "ఉంటుంది."

పైకి వచ్చేశాను. తొమ్మిది మెట్లకి నేను కూడా రెండుసార్లు ఆగాను. వెనకాల ఆమె తలుపు గడియ పడింది. ఈ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నాను, ఆ తలుపుకి గడియ ఉందని నాకు ఈ రోజే తెలిసింది.

సాయంత్రం ఏడింటికి గడియారం మోగింది. ఆపలేదు, దానంతట అదే ఆగేదాకా కూర్చున్నాను.